ప్రమిదల పెట్టె

బుధవారం, స్వోర్డ్స్ ఊరు

ఆఫీసులో ఇంకో అంతస్తు తీసుకున్నారని కేకులు పంచారు. నేను త్వరగా వచ్చేశాను.

మా అమ్మాయి మేఘన తన స్కూలు ప్రాజెక్టు చదివి వినిపించింది. అడవిలో తల్లి పోయిన చింపాంజీ పిల్లల ఒత్తిడిని మూత్రం పరీక్షించి తెలుసుకుంటారట. మొదట్లో అది బాగా ఎక్కువట. కొన్నేళ్లకు తల్లి ఉన్న పిల్లల స్థాయికి తగ్గిపోతుందట.

వింటూ దాని ముఖమే చూస్తున్నాను. వాళ్లమ్మ లత పోయి మూడేళ్లు. పదకొండేళ్ల పిల్ల, లోపల ఏముందో...

"ఐయామ్ గ్రాండ్, డాడీ," అంది నా చూపు కనిపెట్టి. బాగానే ఉన్నానని ఈ దేశంలో అలా అంటారు. "ఆర్ యూ?"

కేలండర్‌లో దగ్గరపడిన దీపావళి కేసి చూశాను. పండగలు చేసుకోకూడనిది ఏడాదే. సంవత్సరీకంతో అది తీరిపోయింది. అయినా పిల్ల కలత పడుతుందని నేనే ఇంకో రెండు దీపావళులు ఎగ్గొట్టాను.

"ఈసారి దీపాలు పెడదామా తల్లీ?" అన్నాను.

అది కుర్చీ ఎక్కి, వంటింటి అలమర పైఅరలోంచి లత ప్రమిదల పెట్టె దించింది. దుమ్ము పట్టి ఉంటాయనుకున్నాను. అన్నీ శుభ్రంగా కడిగి ఉన్నాయి. పక్కనే చిన్న డబ్బాలో, వంకరటింకరగా చేసిన దూది వత్తులు.

"ఎప్పుడు చేశావే ఇవన్నీ?"

"లాస్ట్ ఇయర్. నువ్వు రెడీగా లేవు కదా, డాడీ."