అడగని పిల్ల

శారదక్కా,

మీరు పోయి నేటికి ఏడాది. కష్టాలు చూసిన పిల్లల మనోధైర్యాన్ని కొలవడానికి మనం కలిసి రాసిన ప్రశ్నలతో ఈ ఉదయం సూర్యాపేట బాలికల వసతిగృహానికి వెళ్లాను. ఎదురుగా తుంగతుర్తి నుంచి వచ్చిన మల్లమ్మ కూర్చుంది. తల్లిదండ్రులు లేరు. ఈ ప్రశ్నల్లో మార్కులు తగ్గితే ఆమెను ఇక్కడే ఉంటున్న చెల్లెలి నుంచి విడదీసి నగరంలోని ఆశ్రమానికి పంపుతామని పక్కనే కూర్చున్న వసతిగృహ అధికారి ముందే చెప్పారు.

"కష్టమొస్తే ఎవరినన్నా సాయం అడుగుతవా?"

"అడుగ. అడిగితే ఇజ్జత్ పోతదని మా నాయిన అనేటోడు."

మన కొలతలో దానికి సున్నా. అధికారి గడియారం చూసుకున్నారు. ప్రశ్న మార్చకూడదన్న నియమం మీరు పెట్టిందే, అక్కా. అయినా మార్చాను.

"అడగకుంటే ఎవరన్నా వస్తరా?"

"రారా మరి? నాయిన సచ్చిపోయిన నాడు పక్కోళ్లే మా గొర్లను తోల్కపోయి మేపిండ్రు, మాకు బువ్వ తెచ్చిండ్రు. గీడ చెల్లె ఏడిస్తే వంటామె ఉరికొస్తది. ఎవలు పిలిచిండ్రు మేడం?"

"ఇది ప్రశ్నల్లో లేదు కదా," అన్నారు అధికారి.

"తప్పు ప్రశ్నది, పిల్లది కాదు," అన్నాను. " ఆమెకు మనుషులున్నారు. ఇక్కడి నుంచి పంపితేనే వాళ్లు ఉండరు."

ఆయన మార్కుల కాగితం మడిచి పక్కన పెట్టారు. చివరికి, "సరే, అక్కాచెల్లెళ్లను ఇక్కడే ఉండనిద్దాం," అన్నారు.

మీరుంటే నియమం తప్పినందుకు నన్ను కోప్పడేవారు. ఆపైన పక్కన కూర్చుని ఆ ప్రశ్నను నాచేత తిరగరాయించేవారు. ఇప్పుడు ఒక్కదాన్నే రాస్తున్నాను, అక్కా. మొదటి వాక్యం ఇంకా కుదరలేదు.