ఆకురాయి తగలకూడని చక్రం

పారిస్ నగరం మారె పేటలో సంగీతపు మరబొమ్మలు బాగుచేస్తూ బతుకు గడిపిన తెయోఫిల్ గార్నో అను నేను, ఊపిరి అలసినా తెలివి చెదరలేదని వైద్యుడే ఒప్పుకున్నందున, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసి ఉంచుతున్న వీలునామా ఇది. ఇదివరకు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు.

1. నా పనిగదినీ, అందులోని సమస్త పనిముట్లనూ శిష్యుడుగా వచ్చి భాగస్వామి అయిన అరిస్తీద్ బోదుయాన్‌కు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ఆకురాళ్ళను మాత్రం అతడు ఐదో షరతు చదివాకే ముట్టుకోవలెను.

2. మా మేడ కాపలా చూసే పెలాజీ గారికి కూసే మరపిట్ట. తన పెంపుడు పిట్ట చనిపోయిననాడు ఆమె, "మీదే నయమయ్యా, గింజలడగదు, చచ్చి ఏడిపించదు" అన్నది. పిట్ట లోపలి తోలుతిత్తి ఎండితే గొంతు పోతుంది గనుక పొయ్యికి దూరంగా ఉంచవలెను.

3. మా అన్న ఎవారిస్త్, అమ్మను పూడ్చిననాడే "బొమ్మలతో ఆడుకునేవాడివి, నీకెందుకురా వాటా?" అన్నాడు. ఆయనకు డోలు కొట్టే కోతిబొమ్మ. ఆయనకు చప్పుడు గిట్టదు కాబట్టి డోలు విప్పేశాను.

4. మాండలిన్ మీటే అమ్మాయి బొమ్మ, నా కూతురు సెలెస్తీన్ భర్త, సంతల్లో మరబొమ్మలాడించే బాస్త్యాన్ ఒడియార్‌కు చెందవలెను. దానిని అమ్మరాదు.

5. ఆ బొమ్మ వాయిస్తూ ఊపిరి పీల్చి వదులుతుంది. దాని రొమ్మును ఎత్తి దించేది లోపలి ఇత్తడి చక్రం. చక్రపు అంచు మీది ఎత్తుపల్లాలే ఊపిరి. సెలెస్తీన్ ఆఖరి జబ్బులో నిద్రపోతుంటే మంచం పక్కన కూర్చుని, ఆమె ఊపిరి చూస్తూ ఆ అంచు కోశాను. ఒకచోట గంటు ఉంది. అక్కడ ఆమెకు ఊపిరి అందక ఆగి, మళ్ళీ వచ్చేది. మా వృత్తిలో గంటు కనపడితే చెయ్యి దానంతటదే ఆకురాయి అందుకుంటుంది. అరిస్తీద్ కూడా, "ఇక్కడ తప్పు పడింది గురువుగారూ, ఒక్క రుద్దు చాలు" అన్నాడు. ఉండనీ అన్నాను. అది తప్పు కాదు, నాయనా. అది నా బిడ్డ. అరిస్తీద్ గానీ, మరెవరు గానీ దానిని రుద్దరాదు.

బాస్త్యాన్, సెలెస్తీన్ పోయిననాడు నువ్వు లియోన్ సంతలో ఉన్నావు. నేను మరిచిపోలేదు, మరిచినట్టు ఇక్కడ రాయను. కానీ అది కళ్ళు తెరిచినప్పుడల్లా "వచ్చాడా నాన్నా?" అని అడిగేది. బొమ్మ నీకు చెందేది అందుకే.

నీకు పంపేముందు అరిస్తీద్ స్ప్రింగు పూర్తిగా వదులు చేస్తాడు. ఇంట్లో నువ్వే కీ ఇవ్వు. పాట అయిపోయాక కూడా ఊపిరి కాసేపు నడిచేట్టు అమర్చాను. సంతలో జనం అప్పటికే చప్పట్లలో ఉంటారు, ఎవరూ చూడరు. నువ్వు చప్పట్లు కొట్టకు. అది ఆగేదాకా పక్కనే కూర్చో.

పారిస్, 1908 నవంబరు 14.

(సంతకం) తెయోఫిల్ గార్నో

సాక్షులు:
ఒనోరే ప్లిసోన్, రొట్టెల అంగడి యజమాని
ఇసిదోర్ వాల్మీ, గడియారాల పనివాడు