కాడ ఎర్రగా ఉంది

అమ్మా, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఉన్నామనే అనుకుంటున్నాను.

నిన్న రైలు కట్ట పక్కన పొదనిండా తెల్లపూలు కనిపిస్తే నీ పూల షర్బతు గుర్తొచ్చి, ఒడినిండా కోసుకొచ్చాను. నీలాగే కడక్కుండా చీమలు మాత్రం దులిపి, నిమ్మచెక్కలతో పంచదార పాకంలో నానబెట్టాను. ఇవాళ వడగడితే అచ్చం మనింటి వాసనే! సంబరపడేలోపు పక్కింటి దర్జీ వదిన వచ్చి, మిగిలిన రెమ్మలు చూసి, "కాడ ఎర్రగా ఉందేంటి? తాగేది పచ్చకాడ పువ్వు కదా!" అంది. ఎర్రకాడది విషమట. మన పువ్వుది ఏ రంగు కాడమ్మా? నువ్వు కాడలు తుంచేసి ఉత్త పూలే నా ఒళ్లో పోసేదానివి, నేనెప్పుడు చూశాను? ఈ కార్డుకి ఒక రెమ్మ అంటించాను, చూసి వెంటనే రాయి. దారిలో వాడిపోయి రంగు మారిపోతుందేమో, అదొకటి.

తమ్ముడి దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే నీ వడగట్టే గుడ్డ పంపు. నాన్నకు నమస్కారాలు.

నీ చిన్నది

అన్నట్టు, వదిన రాకముందే నీ అల్లుడు రెండు గ్లాసులు తాగేశాడు. నా వంటకి ఏనాడూ వంకే తప్ప మంచి మాట అనని మనిషి, పొద్దుట్నుంచి నన్ను పొగుడుతూనే ఉన్నాడు. షర్బతు బాగా కుదిరిందో, విషం తలకెక్కుతోందో తెలియక ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను.