చెల్లని సంతకం

కుటుంబ కోర్టు గుమస్తాగారికి నమస్కారాలు. ఒకటి కాదు బాబూ, వెయ్యి.

జడ్జిగారు సెలవులో ఉన్నారని, పని ఆగకూడదని, మా అమ్మాయి విడాకుల ఆర్డరు మీద మీరే సంతకం పెట్టి పంపించేశారు. అందుకు మీకు చీవాట్లు పడ్డాయని విన్నాను. మళ్లీ ఎవరైనా ఏమన్నా అంటే ఈ ఉత్తరం చూపించండి. మీ సంతకం చెల్లలేదు గానీ, చెయ్యి మాత్రం చల్లనిది.

మొన్న ఆ కాగితం మీద ముద్ర వేయించుకోడానికి అమ్మాయీ అల్లుడూ మీ ఆఫీసుకు వచ్చారు. వెంట నేనూ ఉన్నాను. కౌంటరులో మేడంగారు కళ్లజోడు సర్దుకుని, "ఇది చెల్లదండీ. జడ్జిగారే పెట్టాలి. అప్పటిదాకా మీరిద్దరూ భార్యాభర్తలే" అన్నారు.

బయట బల్ల మీద కూర్చుని అమ్మాయి క్యారేజీ విప్పింది. రెండేళ్లుగా ఎదురుపడితే మొహం తిప్పుకునే అల్లుడు, "అయితే అందులో ఇంకా నాకూ వాటా ఉన్నట్టేగా?" అన్నాడు.

"సిగ్గు లేకపోతే సరి" అంటూనే మూత నిండా పెట్టి ఇచ్చింది. నాకు మిగల్లేదు. నా కడుపు అప్పటికే నిండిపోయింది బాబూ!

నిన్న పెట్టె సర్దుకుని అతనితోనే వెళ్లింది. కేసు వద్దని ఇద్దరూ రాసిన అర్జీ దీనితో జతచేశాను. సోమవారం జడ్జిగారు రాగానే ముందు ఈ అర్జీ చూపించండి, ఆ ఆర్డరు కాదు. దాని మీద ఆయన సంతకం పెడితే చెల్లుతుందట.

అర్జీ మీద నేనూ సంతకం పెడతానంటే, "నాన్నా, నీది చెల్లదు" అంది అమ్మాయి. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఇట్లు,
(సంతకం)
అమ్మాయి తండ్రి