ఉత్త ఘటం

పర్సుడీహ్, జంషెడ్‌పూర్.

సంపాదకులు భుజంగరావు గారికి నమస్కారం.

నా నవల అచ్చు దయచేసి ఆపండి. లోకం అంతమై, నీళ్లు ఎండి, ఉక్కు ఫర్నేసులన్నీ ఆరిపోయాక, అమ్మవారు ఘటం వదిలి ఊరు దాటిపోయినట్టు ముగించాను కదా. ఆ ముగింపు చదువురాని మా రత్నం అత్తకు చదివి వినిపించాను. ముప్పై ఏళ్లుగా ఇక్కడ అమ్మవారి పండక్కి ఘటం ఎత్తేది ఆవిడే.

నిన్న పండగ. ఆవిడ కాళ్ల మీద పోయడానికి పసుపునీళ్లతో జనం వాకిళ్లలో నిలబడ్డారు. అత్త ఘటం ముట్టలేదు. అది నేను కల్పించిన కథేనని బతిమాలాను.

"అమ్మోరు ఎలిపోనాదని నువ్వే సదివినావు కదేటి. ఉత్త కుండ నానెందుకు మొయ్యాల?" అంది.

పొద్దుటి నుంచి ముగింపు తిరగరాస్తున్నాను. కథలో ఊళ్లోకి మళ్లీ నీళ్లొచ్చాయి, ఫర్నేసులు వెలిగాయి. ఎన్నిసార్లు రాసినా అమ్మవారు మాత్రం రావడం లేదండీ.