మరిది పూసిన పేస్టు

మంగళవారం, రాత్రి.

చెప్పేది నేను, రాసేది కోడలు.

మా నీళ్ల ఇంజను హెడ్డు విప్పి మరిది ఇవాళ కొత్త గాస్కెట్ వేశాడు. వేసేముందు దానికి రెండు వైపులా పేస్టు పూశాడు.

"ఒరే, అది పొడిగానే కూకోవాల. పేస్టు నీళ్ల కన్నాల్లోకి దిగిందంటే ఇంజను వేడెక్కిపోతాది" అన్నాను.

"నువ్వేటైనా మెకానిక్కువేటి వదినా? పూయకపోతే కారిపోతాది" అని నవ్వాడు.

మా ఆయన ఎప్పుడు హెడ్డు దించినా రెండు ముఖాలూ గీకి, తుడిచి, పొడిగానే బిగించేవాడు. పక్కన పానాలు అందించింది నేనే.

ఇంజను రెండిళ్లదీ. ఎవరి వంతులో చెడితే వాళ్లే బాగుచేయించాలన్నది మా కట్టుబాటు. మరిది వంతు ఈ సాయంత్రంతో తీరింది. రేపు నాది. నడిపి చెడితే తప్పు నా నెత్తిన పడుతుంది. నడపకపోతే మొన్న నాట్లేసి ఊడ్చిన వరిమడి ఎండిపోతుంది. విప్పించి తుడిపిద్దామంటే ఒకసారి నలిగిన గాస్కెట్ మళ్లీ పనికిరాదు, రెండోది రాజాంలో కూడా దొరకలేదు.

"సినమావకి ఇంకోపాలి సెప్పి సూద్దునా అత్తా?" అంది కోడలు, మరిదినుద్దేశించి.

"ఆడికి సెప్పీదేటే, బిగించీసినాక! నువ్వు రాయి."

పొద్దున్నే హ్యాండిల్ తిప్పిస్తాను. నీళ్లు పారినంతసేపూ ఇంజను పక్కనుంచి కదలను. పూయొద్దని అరిచిన నేనే ఇప్పుడు ఆ పేస్టు నిలవాలని, వాడి మాటే నిజం కావాలని మొక్కుకోవాలి.