ఒకే కాగితం మీద రెండు సంతకాలు

నల్లవంకపల్లె,
4-9-1997.

ప్రొద్దుటూరు ఇళ్ల రుణాల బ్యాంకు మేనేజరు గారికి, జమ్మలమడుగు తాలూకా నల్లవంకపల్లెలో పరుపులు కుట్టుకునే దూదేకుల నబీ రసూల్ సలాములతో రాసుకున్న మనవి.

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ని కాను. బడికి పోలేదు. దూది మూటలకు చుట్టి వచ్చే పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించాలి.

ఊరిలో నాకు రెండు గదుల మిద్దె ఉంది. దాన్ని తాకట్టు పెట్టుకుని మీరు రుణం ఇస్తే ప్రొద్దుటూరులో హుమాయున్ గారి ఇల్లు కొనుక్కుంటాను. ఆయన కువైట్ నుంచి సెలవు మీద వచ్చారు. నవంబరు ఇరవై ఎనిమిదిన తిరిగి పోతారు. ఆలోపల రిజిస్టరు కాకపోతే ఇల్లు వేరేవాళ్లకు అమ్మేస్తారు. మళ్లీ ఎలక్షన్లు వస్తాయంటున్నారు. అవి వచ్చేలోగా నేనూ నా భార్య మహబూబ్‌బీ ఈ ఊరు విడవాలి. ఎందుకని మీ ఫారంలో అడిగారు గాని, రాయడానికి ఒక్క గీతే ఇచ్చారు.

ఇంటి చెక్కుబందీ: తూర్పున ఒకాయన ఇల్లు. పడమర ఇంకొకాయన ఇల్లు. ఉత్తరాన వీధి. దక్షిణాన వంక.

ఇట్లు
మీ దయ కోరే
నబీ రసూల్

తా.క.: జవాబు మా ఊరికి రాయొద్దు. జమ్మలమడుగులో మా బావమరిది జియావుల్లా సైకిల్ షాపుకు రాయండి. కవరు మీద బ్యాంకు ముద్ర లేకుంటే మేలు. నేను ఊరు విడుస్తున్నట్టు ఆ రెండిళ్లలో ఎవరికి తెలిసినా, రెండో ఇంటికి ఏదో చెప్పేసి పారిపోతున్నాననుకుంటారు.


ప్రొద్దుటూరు,
15-9-1997.

శ్రీ నబీ రసూల్ గారికి,

మీ దరఖాస్తు అందినది. పరిశీలించగా కొన్ని లోపములు కనబడినవి. హద్దుదారుల పేర్లు, తండ్రి పేర్లతో సహా తెలుపవలెను. 'ఒకాయన', 'ఇంకొకాయన' అనునవి పేర్లు కావు. మీ తండ్రిగారు ఆ స్థలము ఎవరి వద్ద కొన్నారో ఆ పాత దస్తావేజు జత చేయవలెను. ఇంటి ప్లాను కొలతలతో గీసి, చుట్టూ ముప్పై గజాలలో ఉన్న దారులు, పక్క ఇళ్ల వాకిళ్లు చూపవలెను.

భవదీయుడు
కాకరపర్తి జగ్గారావు
మేనేజరు

తా.క.: కవర్ల మీద ముద్ర అచ్చయ్యే వస్తుంది. తీయడం కుదరదు. నేను అమలాపురం నుంచి బదిలీ మీద వచ్చి నెలే అయింది. ఇరుగుపొరుగు పేర్లు కూడా తెలుసుకోకుండా మీ వైపు మనుషులు ఎలా ఉంటారండీ?


నల్లవంకపల్లె,
6-10-1997.

మేనేజరు గారికి నబీ రసూల్ సలాములు.

పేర్లు తెలియక కాదు సార్. మా ఊరిలో ఆ రెండు పేర్లు ఎవరూ నోట పలకరు. తూర్పాయన్ను పైయింటాయన, పడమరాయన్ను కిందింటాయన అంటాం. వాళ్లిద్దరికీ పదకొండేళ్లుగా పడదు. నా ఇల్లు మధ్యలో ఉంది. ఇటునుంచి విసిరింది అటు చేరనప్పుడు మా వాకిట్లో పడుతుంది. మహబూబ్‌బీ పొద్దున ఊడ్చేటప్పుడు చెత్త ఒకవైపు, మేకులు ఒకవైపు వేస్తుంది.

ఇద్దరికీ పరుపులు కుట్టేది నేనే. ఆ రెండిళ్ల పడకగదులూ చూసినవాణ్ని ఊరిలో నేనొక్కణ్నే. అందుకే ఇద్దరూ నన్ను బతకనిచ్చారు. నాకు భయం కూడా అందుకే.

పాత దస్తావేజు కోసం పులివెందుల పోయి వచ్చాను. మా నాయనకు స్థలం అమ్మిన ఆయన కొడుకు అలీ అహ్మద్ అక్కడ ఉన్నాడు. ఆయనా ముసలాయనే. కాగితం ఇచ్చే ముందు ఒక్కటే అడిగాడు. "నువ్వు యా పార్టీప్పా?" పరుపుల పార్టీ అన్నాను. నన్ను కిందికీ పైకీ చూసి, "ఇంగా చంపలేదే నిన్ను" అని కాగితం చేతిలో పెట్టాడు.

ప్లాను సంగతి. శుక్రవారం వీధి కొలుస్తుంటే కిందింటి మనిషి ఒకడు వచ్చి టేపు రెండో కొస మీద కాలు పెట్టి నిలబడ్డాడు. "ఏంది రసూలూ, వీధికి పరుపు కుడతాండావా?" అన్నాడు. నవ్వాడు గాని కాలు తీయలేదు. అదే సమయానికి పైయింటి మిద్దె మీద కూర్చున్న ఇద్దరు లేచి నిలబడ్డారు. నేను టేపు అక్కడే వదిలి ఇంట్లోకి వచ్చాను. మరునాడు పొద్దున అది చుట్టచుట్టి మా గడప మీద ఉంది. నేను ఎంతదాకా కొలిచానో సరిగ్గా అక్కడ ఎవరో ముడి వేశారు.

ముడి దాకా కొలతలు సరైనవే. ఆ తరువాతివి కంటి అంచనా.

ఇట్లు
నబీ రసూల్

తా.క.: పైయింటికి దొడ్డివైపు ఒక వాకిలి ఉంది. అది ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు. ప్లానులో గీసి, మళ్లీ చెరిపేశాను. మీరు కూడా చూడలేదనుకోండి.


ప్రొద్దుటూరు,
14-10-1997.

శ్రీ నబీ రసూల్ గారికి,

ప్లాను అందినది. తూర్పు ఇంటి వెనుక ఒక చోట రబ్బరుతో చెరిపిన గుర్తు ఉన్నది. కొట్టివేతలు, చెరిపివేతలు గల ప్లానులు చెల్లవు. సదరు వాకిలిని సిరాతో, స్పష్టముగా, వెడల్పు తెలుపుతూ గీసి పంపవలెను.

హద్దుదారుల పేర్లు ఇంకనూ అందలేదు. ఇంటి ముందుభాగపు ఫొటో ఒకటి, మీరు ఇల్లు తాకట్టు పెట్టుటకు అభ్యంతరము లేదని ఇద్దరు హద్దుదారుల సంతకములు జతపరచవలెను.

భవదీయుడు
కె. జగ్గారావు

తా.క.: పొరుగువారితో కాస్త కలుపుగోలుగా ఉండండి. మా అమలాపురంలో అయితే కొబ్బరికాయ దింపినా పక్కింటికి ఒకటి పంపుతాం.


నల్లవంకపల్లె,
29-10-1997.

మేనేజరు గారికి నబీ రసూల్ సలాములు.

మా ఊరిలోనూ పక్కింటికి పంపుతారు సార్. అవి కొబ్బరికాయలు కావు.

పేర్లు విడి కాగితం మీద రాసి, మడిచి, నాలుగు వైపులా మైదాపిండితో అంటించి పంపుతున్నాను. చదివి చించేయండి. ఆ పేర్లు రాసేటప్పుడు మహబూబ్‌బీ తలుపు గడియ పెట్టింది.

ఫొటో తీయడానికి జమ్మలమడుగు నుంచి మనిషిని పిలిపించాను. అతను వీధిలో కెమెరా నిలబెట్టగానే రెండిళ్ల అరుగుల మీదివాళ్లూ వచ్చి మా ఇంటి ముందు అడ్డం నిలబడ్డారు. మొహాలు పడకూడదని అందరూ అటు తిరిగారు. ఫొటో జతచేశాను. అందులో పదకొండు వీపులు ఉన్నాయి. ఎడమనుంచి నాలుగో వీపుకూ ఐదో వీపుకూ మధ్య కనబడేది మా తలుపు.

సంతకాలు మాత్రం అడగలేకపోయాను. పైయింటి మెట్లెక్కాను. ఆయన ఏమన్నట్టు చూశారు. పరుపు కొలతలు తీసుకుని వచ్చేశాను. కిందింట్లోనూ అంతే. ఇప్పుడు అడగని రెండు పరుపులు కుట్టాలి.

హుమాయున్ గారి ప్రయాణానికి ఇంక నెలే ఉంది. దయ ఉంచండి.

ఇట్లు
నబీ రసూల్

తా.క.: వాకిలి సిరాతో గీయను. ఇల్లు రాకపోయినా సరే గీయను.


ప్రొద్దుటూరు,
5-11-1997.

శ్రీ నబీ రసూల్ గారికి,

పేర్ల కాగితము అందినది. చించుట నిబంధనలకు విరుద్ధము. మూడు నకళ్లు తీయించి ఫైలులో చేర్చినాము.

ఫొటోలో వీపుల మధ్య కనబడుతున్న గోడకు రంధ్రములు ఉన్నవి. అవి ఎందువలన ఏర్పడినవో ఇంజనీరు ధ్రువపత్రము కావలెను.

సంతకముల విషయము. మీరు అడుగుటకు సంకోచించుచున్నందున, సదరు హద్దుదారులిద్దరూ ఈ నెల 20వ తేదీ గురువారం ఉదయం 11 గంటలకు స్వయముగా బ్యాంకుకు వచ్చి, నా సమక్షములో, ఒకే కాగితము మీద సంతకములు చేయవలెను. వేర్వేరు కాగితములు అంగీకరించబడవు. రాని యెడల మీ ఫైలు మూసివేయబడును.

భవదీయుడు
కె. జగ్గారావు

తా.క.: పెద్దమనుషులు కదా, ఒక జీపులో కలిసి వస్తే ఖర్చు కలిసొస్తుందని చెప్పండి.


నల్లవంకపల్లె,
10-11-1997.

మేనేజరు గారికి నబీ రసూల్ సలాములు.

ఇద్దరూ వస్తామన్నారు.

పైయింటాయన వెంట మూడు జీపులు వస్తాయి. కిందింటాయన వెంట ఎన్ని వచ్చేదీ పైయింటాయన జీపులు లెక్కపెట్టుకున్నాక తేలుతుంది. మీ బ్యాంకుకు వాకిలి ఒక్కటే అయితే రెండోది కొట్టించండి. ఇద్దరూ ఒకే గడప దాటరు. కుర్చీలు ఒకే ఎత్తు ఉండాలి. టీ ఇద్దరి ముందూ ఒకేసారి పెట్టాలి. ఎవరి పేరూ ముందు పిలవొద్దు, ఎవరి పేరూ వెనక పిలవొద్దు.

మా గోడ రంధ్రాలకు ఇంజనీరు అవసరం లేదు. గురువారం నాడు మీ గోడ చూసుకుంటే మీకే తెలుస్తుంది. కొన్నింటిలో మేకులు ఇంకా ఉన్నాయి. అవి మేము కొట్టినవి కావు. బట్టలు మాత్రం తగిలించుకుంటాం.

ఇట్లు
నబీ రసూల్

తా.క.: మీ బల్ల కింద ఒక మనిషి పడుకునే చోటు ఉందో లేదో ముందే చూసుకోండి. మేము మంచం కింద పడుకుంటాం. కింద పరుపు ఉంటే నడుము పట్టదు. కావాలంటే ఒకటి కుట్టి పంపుతాను.


ప్రొద్దుటూరు,
13-11-1997.

మహారాజశ్రీ నబీ రసూల్ గారికి నమస్కారములు.

మీ ఉత్తరం మా క్యాషియరుకు చూపించాను. ఆయన ఈ ఊరివాడే. పేర్లున్న కాగితం చూసి, 20వ తేదీకి సెలవు చీటీ రాసి ఇచ్చాడు. నకళ్లు మూడూ నేనే చించాను.

మీ ఫైలు మరొకసారి చూశాను. పత్రాలన్నీ సర్వసమగ్రంగా ఉన్నాయి. చెరిపిన చోటు ఎంత వెతికినా కనబడలేదు. ఫొటోలో ఇల్లు చక్కగా ఉంది. సంతకాలు ఇంక అవసరం లేదు. రుణం మంజూరైంది. సోమవారం, 17వ తేదీన హుమాయున్ గారిని వెంటబెట్టుకుని రండి, చెక్కు ఇస్తాను. ఆ పెద్దలిద్దరినీ మాత్రం రావద్దని మీరు ఎలాగైనా చెప్పాలి.

మీ
జగ్గారావు

తా.క.: మీరు మాట్లాడలేరని తెలుసు కాబట్టి, మీకు ఇబ్బంది లేకుండా నేనే వారిద్దరికీ చెరొక రిజిస్టరు ఉత్తరం రాసి పడేశాను. 'నబీ రసూల్ గారి ఇంటి రుణం విషయమై 20వ తేదీ ఉదయం 11 గంటలకు తమరు దయచేసి బ్యాంకుకు రావద్దు' అని. పేర్లు స్పష్టంగా, తండ్రి పేర్లతో సహా రాశాను.


ప్రొద్దుటూరు,
19-11-1997.

మేనేజరు గారికి నబీ రసూల్ సలాములు.

ఇది పోస్టులో వేస్తే సమయానికి అందదని జియావుల్లా చేతికిచ్చి పంపుతున్నాను. నిలబడి చదవొద్దు.

మొదట ఒక తప్పు ఒప్పుకోవాలి. పదో తేదీన నేను రాసింది అబద్ధం. ఆ పెద్దమనుషులిద్దరినీ నేను ఏమీ అడగలేదు. వాళ్లు వస్తామనీ అనలేదు. పదకొండేళ్లుగా మేము భయపడుతున్నాం గదా, మీరు ఒక్క వారం భయపడి చూస్తే ఫైలు కదులుతుందేమోనని రాశాను. కదిలింది. నిన్న రిజిస్టరు అయింది. ఈ ఉత్తరం హుమాయున్ గారి ఇంట్లో, అంటే మా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

ఈ పొద్దున మిగిలిన దూది మూటలు తెచ్చుకుందామని ఊరికి పోయాను. ఎవరికీ కనబడకుండా బండి కడుతున్నాను. పైయింటాయన రమ్మన్నారు. ఆయన చేతిలో మీ కవరు ఉంది, ముద్రతో సహా. "చదువు" అన్నారు. చదివాను.

ఆయన కవరు వెనక్కి తీసుకున్నారు. ఆ తరువాత, "నన్ను రావద్దంటాండాడంటే, వాడు వస్తాండాడనే గదా?" అన్నారు.

నేను కాదన్నాను. ఎవరూ రావడం లేదన్నాను. నా జన్మలో అన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన వినలేదు. "రసూలూ, నీ కాగితం మీద మొదుటి సంతకం నాది. ఆమైన వాడు యాడన్నా పెట్టుకోనీ" అన్నారు. ఊరు విడుస్తున్నందుకు ఏమంటారోనని నిలబడే ఉన్నాను. "పో. నా మంచం కొలత మాత్రం మర్సిపోవాకు" అన్నారు.

మెట్లు దిగేసరికి కిందింటి మనిషి నా బండి పక్కన నిలబడి ఉన్నాడు. టేపు తొక్కినవాడే. వాడి వెంట పోతే కిందింటాయన చేతిలోనూ అలాంటి కవరే. ఆయన చదివించలేదు, చదువుకునే ఉన్నారు. "పైయింటోడు పదకొండుకా పోయేది? నేను పదిన్నరకే పోతా" అన్నారు. ఈ మాట పైయింటికి చేరడానికి నేను బండెక్కినంత సేపు కూడా పట్టలేదు. వాళ్లు పదికే వస్తారని తెలిసింది. నేను ఊరి పొలిమేర దాటేసరికి అది తొమ్మిదిన్నర అయింది.

అందుచేత రేపు మీరు బ్యాంకు తొమ్మిదికే తెరిచి పెట్టండి.

నా రుణానికి సంతకాలు అవసరం లేదని మీరే రాశారు. అయినా వాళ్లు పెట్టకుండా తిరిగి పోరు. కాబట్టి మీరు సమకూర్చుకోవలసినవి రాస్తున్నాను. కలాలు రెండు, ఒకే రంగువి. కుర్చీలు రెండు. ఒకే కాగితం అని మీరు పట్టుబట్టారు. దయచేసి రెండు పెట్టండి.

ఇట్లు
మీ బ్యాంకు ఖాతాదారుడు
నబీ రసూల్

తా.క.: బల్ల కింద చోటు గురించి మొదట రాసింది కూడా బెదిరించడానికే. ఇప్పుడు మాత్రం కొలిచి చూసుకోండి. టేపు జియావుల్లా చేత పంపుతున్నాను. ముడి విప్పలేదు, అక్కడిదాకా కొలతలు సరైనవే.